జవాబు తెలియని ప్రశ్నకే వర్క్‌షాప్

భిలాయిలో ‘వర్క్‌షాప్’ అనగానే మాకు సభ గుర్తుకురాదు. లేత్ మిషన్ల హోరు, వేడెక్కిన ఇనప రజను వాసన, మోచేతుల దాకా గ్రీజు అంటిన మనుషులు గుర్తొస్తారు. మా ఉక్కు ప్లాంటు రుఆబాంధా సెక్టార్ క్వార్టర్లలో పిల్లలు కొత్తగా పరిచయమైతే మొదట అడిగే ప్రశ్న ‘మీ నాన్న ఏ షాపు?’ అనే. రైలు మిల్లు, కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్, మెషీన్ షాపు. షాపు అంటే అమ్మే చోటు కాదు, చేసే చోటు. ఒక పక్క నుంచి లోపలికెళ్ళిన సరుకు రెండో పక్క నుంచి అదే రూపంలో బయటికి వస్తే ఆ షిఫ్టు వృథా అయినట్టే.

పరిశోధన సదస్సులు ఈ మాటను కార్ఖానా నుంచే అరువు తెచ్చుకున్నాయి. మాట వచ్చింది, అర్థం ఎంతవరకు వచ్చిందన్నది అనుమానమే. పొద్దున్న తొమ్మిదికి గదిలోకి వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఐదింటికి అవే అభిప్రాయాలతో, అవే సందేహాలతో బయటికొచ్చే వర్క్‌షాప్‌లు ఎన్నో చూశాను. ఒకటి నేనే పెట్టాను. ఏడు ప్రసంగాలు, చివర అరగంట చర్చ అని కార్యక్రమంలో రాశాం. ఒక్కో వక్తా ఐదు నిమిషాలు ఎక్కువ తీసుకున్నారు. చర్చకు మిగిలిన సమయం ఫోటో దిగడానికే సరిపోయింది. దూరం నుంచి రైళ్ళలో వచ్చిన పిల్లలు ఒక్క మాటా మాట్లాడకుండా సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ వ్యాసం అందులోంచి పుట్టింది.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఒకప్పుడు ఈ ఊరి పిల్లలు పరిశోధన కోసం ఊరు విడిచి వెళ్ళాల్సి వచ్చేది. 2016లో ఐఐటీ భిలాయి మొదలైంది. 2024 ఫిబ్రవరిలో కుటేలాభాఠాలోని దాని శాశ్వత ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం, దాని పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీలు చుట్టూ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ప్లాంటుకు పనికొచ్చిన కుటుంబాల మూడో తరం పిల్లలు ఇవాళ వాటిలో చదువుతున్నారు, పాఠాలు చెబుతున్నారు, సదస్సులకు వర్క్‌షాప్ ప్రతిపాదనలు పంపుతున్నారు. ప్రతిపాదన ఎలా రాయాలి అన్నదానికంటే ముందు, అది ఏ ప్రశ్నకు జవాబు కావాలి అన్నది తేల్చుకోవాలి. ఈ విషయంలో ప్రపంచం ఏం నేర్చుకుంది, తెలుగు నేల ఏం నేర్పింది, రుజువులు ఏమంటున్నాయి అన్నవి ఒకచోట పెట్టి చూడటమే నా ప్రయత్నం.

ఒకే పేరు, వేరువేరు పనులు

ముందు గందరగోళం తీర్చుకుందాం. సదస్సు ప్రకటనల్లో నాలుగైదు రకాల కార్యక్రమాలు పక్కపక్కన కనిపిస్తాయి. ట్యుటోరియల్ అంటే తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పడం. జవాబు వేదిక మీద సిద్ధంగా ఉంటుంది, దాన్ని కిందికి దింపడమే పని. ప్యానెల్ అంటే నలుగురు నిపుణులు భిన్నాభిప్రాయాలు చెబితే మిగతావాళ్ళు వినడం. హ్యాకథాన్ అంటే గడువు పెట్టుకుని ఏదో ఒకటి తయారు చేయడం. పత్రాల సమర్పణతో నడిచే వర్క్‌షాప్ నిజానికి చిన్న సదస్సే. కొత్త రంగం నిలదొక్కుకునే రోజుల్లో దాని అవసరమూ ఉంది.

ఇంటరాక్టివ్ వర్క్‌షాప్ వీటన్నిటికీ వేరు. నిర్వాహకులకు కూడా జవాబు తెలియని ప్రశ్న ఒకటి ఉండాలి. దాని ముక్కలు వేరువేరు మనుషుల దగ్గర ఉండాలి. ఆ ముక్కలు కలిసేందుకు ఒక పద్ధతి ఉండాలి. అందరూ ఇళ్ళకు వెళ్ళాక ఏదో ఒకటి మిగలాలి. ప్రశ్న, మనుషులు, పద్ధతి, మిగులు. ఈ నాలుగిట్లో ఏది లేకపోయినా దానికి మరో పేరు పెట్టుకోవడం మంచిది. జవాబు ముందే తెలిస్తే ట్యుటోరియల్ పెట్టండి, అందులో చిన్నతనం లేదు. మంచి ట్యుటోరియల్‌ను వర్క్‌షాప్ అని పిలిచి రెండిటినీ పాడుచేయడమే తప్పు.

బయటి ప్రపంచం నేర్చుకున్నది

1931 వేసవిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో నీల్ గోర్డన్ అనే రసాయన శాస్త్రవేత్త మొదలుపెట్టిన సమావేశాలే తర్వాత గోర్డన్ రిసెర్చ్ కాన్ఫరెన్సులయ్యాయి. అక్కడ విన్నది అనుమతి లేకుండా బయట ప్రచురించకూడదన్నది వాళ్ళ నియమం. చూడటానికి ఇది రహస్యంలా ఉంటుంది కానీ, దాని ఫలితం ధైర్యం. సగంలో ఉన్న పనిని, విఫలమైన ప్రయోగాన్ని కూడా మనిషి బయటపెట్టగలుగుతాడు. పూర్తయిన పని గురించి వినాలంటే పత్రిక చదివితే చాలు, టికెట్ కొనుక్కుని వెళ్ళక్కర్లేదు.

1946లో కనెక్టికట్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కుర్ట్ లెవిన్ బృందం జాతుల మధ్య సంబంధాలపై ఒక వర్క్‌షాప్ నడిపింది. పగలు చర్చలు. రాత్రి పరిశోధకులు విడిగా కూర్చుని ఎవరు ఎలా ప్రవర్తించారో విశ్లేషించుకునేవారు. ఒక సాయంత్రం పాల్గొన్నవాళ్ళలో కొందరు మేమూ వింటామని వచ్చి కూర్చున్నారు. తన గురించి చెబుతున్న వ్యాఖ్యానం సరికాదని ఒకామె అడ్డుపడింది. దాంతో అసలైన చర్చ మొదలైంది. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్ళు గదిలో ఉంటే జ్ఞానం తీరే మారిపోతుందని ఆ రాత్రి తేలింది. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని బెతెల్‌లో మొదలైన శిక్షణ ప్రయోగశాలలకు బీజం అదే.

జర్మనీలో 1990లో మొదలైన డాగ్‌స్టూల్ కేంద్రం కంప్యూటర్ శాస్త్రవేత్తలకు పుట్టిల్లు లాంటిది. వారం రోజులు ఒకే చూరు కింద ఉంటారు. భోజనాల దగ్గర ఎవరు ఎక్కడ కూర్చోవాలో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు. గురువు పక్కన శిష్యుడే కూర్చోవడం, తెలిసినవాళ్ళే గుంపు కట్టడం తప్పుతుంది. 1987లో డెన్వర్‌లో మొదలైన న్యూరల్ నెట్‌వర్కుల సదస్సు, ఇవాళ న్యూరిప్స్ అని పిలిచేది, తొలినాళ్ళ నుంచీ ముఖ్యసభలు అయ్యాక కొండల మీది చిన్న ఊళ్ళలో వర్క్‌షాప్‌లు పెట్టింది. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం, మధ్యలో మంచుమీద ఆటకు ఖాళీ. ఆ ఖాళీలోనే ఎన్నో జతలు కుదిరాయి. 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ శిక్షణల్లో ప్రతి ఒక్కరికీ రెండు రంగుల అంటుకునే కాగితాలిస్తారు. పని సాగుతుంటే ఒకటి, ఆగిపోతే ఇంకొకటి ల్యాప్‌టాప్ మీద అతికించాలి. చెయ్యెత్తడానికి సిగ్గుపడే పిల్లవాడి సమస్య కూడా గది మొత్తానికీ కనబడుతుంది.

వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది నియమం. స్వేచ్ఛగా మాట్లాడుకోండి అని వదిలేస్తే పెద్ద గొంతులే మాట్లాడతాయి. చిన్న నియమం చిన్న గొంతుకు చోటిస్తుంది.

మన నేల మీద

వర్క్‌షాప్ విద్య పడమటి నుంచి దిగుమతైన సరుకని మనలో చాలామంది అనుకుంటారు. తెలుగు నేల మీద జరిగినవి చూస్తే ఆ మాట నిలవదు.

1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెల్లండ్ తన సాధనా ప్రేరణ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి కాకినాడను ఎంచుకున్నాడు. చిన్న వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని సియెట్ సంస్థకు, అంటే ఇప్పటి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థకు, జట్లు జట్లుగా పది రోజులపాటు తీసుకొచ్చారు. ఉపన్యాసాలు తక్కువ. కథలు రాయించారు, ఆటలాడించారు, గురి ఎంత దూరంలో పెట్టుకుంటారో చూశారు, ఎవరి లక్ష్యాలు వాళ్ళచేతే రాయించారు. వేలూరు వ్యాపారులకూ ఇలాగే శిక్షణ ఇచ్చారు. పోలికకు రాజమండ్రిని శిక్షణ లేకుండా ఉంచారు. శిక్షణ పొందినవాళ్ళు తర్వాతి కాలంలో కొత్త వ్యాపారాలు, కొత్త పెట్టుబడుల విషయంలో ఎక్కువ చొరవ చూపారని 1969లో మెక్‌క్లెల్లండ్, డేవిడ్ వింటర్ కలిసి రాసిన పుస్తకం చెప్పింది. ఆ సిద్ధాంతం మీద తర్వాత విమర్శలూ వచ్చాయి. సిద్ధాంతం మాట ఎలా ఉన్నా, ఒక వర్క్‌షాప్ పనిచేసిందా లేదా అని తెలుసుకోవడానికి పక్క ఊరిని పోలికగా పెట్టుకున్న శ్రద్ధ ఈనాటికీ అరుదే. మనం నిర్వహించే వాటిలో ఎన్నింటికి అయ్యాక ఆరు నెలలకైనా వెనక్కి వెళ్ళి చూస్తున్నాం?

1980లో రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో దేశంలోనే మొదటిసారి క్వాలిటీ సర్కిళ్ళు పెట్టారు. 1962లో జపాన్‌లో ఇషికావా ఆధ్వర్యంలో మొదలైన పద్ధతి అది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు తమంతట తాము వారానికో గంట కూర్చుంటారు. తమ సమస్యను తామే ఎంచుకుంటారు. చేపముల్లు బొమ్మ గీసి కారణాలు పేర్చుకుంటారు. 1982లో క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడింది. భిలాయి కార్మికులకు కూడా ఇది బాగా అలవాటైన విద్య. సెయిల్ ప్లాంట్ల వాళ్ళు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేందుకు ‘లెర్నింగ్ ఫ్రమ్ ఈచ్ అదర్’ పేరుతో వర్క్‌షాప్‌లు జరుపుకుంటారు. ఒక ప్లాంటులో కుదిరిన చిట్కా మరో ప్లాంటుకు చేరడానికి అదో దారి. పరిశోధన సదస్సులు ‘భాగస్వామ్యం’ అని కొత్తగా పలుకుతున్న మాటను షాప్‌ఫ్లోర్ నాలుగు దశాబ్దాలుగా ఆచరిస్తోంది.

అన్నిటికంటే నా మనసుకు దగ్గరైంది పొలంబడి. 1989లో ఇండోనేషియాలో వరి సుడిదోమ బెడదకు విరుగుడుగా పుట్టిన రైతు క్షేత్ర పాఠశాలే మన దగ్గర ఈ చక్కటి పేరు తెచ్చుకుంది. పాతికమంది రైతులు సీజనంతా వారానికోసారి పొలంలో దిగుతారు. ఒక మడి మామూలు అలవాటు ప్రకారం, ఒక మడి సమగ్ర సస్యరక్షణ ప్రకారం. మొక్కను పట్టి చూసి, కీడు చేసే పురుగులెన్ని, మేలు చేసేవెన్ని అని లెక్కపెట్టి, గట్టు మీద కూర్చుని చార్టు మీద బొమ్మ గీస్తారు. ఆ బొమ్మ ముందు వాదించుకుంటారు. ఈ వారం మందు కొట్టాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు. అధికారి పని జవాబు చెప్పడం కాదు, ‘మీరేం చూశారు?’ అని తిరిగి అడగడం. ఏ వర్క్‌షాప్ కరదీపికలోనూ ఇంతకంటే మంచి సూత్రం నాకు దొరకలేదు.

సాంకేతిక సదస్సుల మాటకొస్తే, హైదరాబాద్ 2007లో కృత్రిమ మేధ సదస్సు ఇజ్‌కాయ్‌కు, 2014లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు ఐసీఎస్ఈకి, 2018లో వాక్ శాస్త్ర సదస్సు ఇంటర్‌స్పీచ్‌కు ఆతిథ్యమిచ్చింది. మన ప్రశ్నకు వీటికంటే ఎక్కువ పనికొచ్చేది అక్కడే 2008 జనవరిలో భాషా సాంకేతికతపై జరిగిన ఐజేసీఎన్‌ఎల్‌పీ. దాని అనుబంధంగా దక్షిణ, ఆగ్నేయాసియా భాషల్లో పేర్లను గుర్తించడంపై ఒక వర్క్‌షాప్ పెట్టారు. హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు, ఉర్దూ భాషల్లో గుర్తులు పెట్టిన పాఠాన్ని ముందే అందరికీ ఇచ్చారు. పేర్లను పన్నెండు రకాలుగా విడగొట్టారు. పాల్గొనేవాళ్ళంతా ఒకే పాఠం మీద పనిచేసి వచ్చారు. కాబట్టి అక్కడ మాట్లాడుకోవడానికి ఉమ్మడి వస్తువు ఉంది. విడివిడి పత్రాలు తెచ్చుకుంటే ఎవరి గోడు వారిది. అందరి చేతిలో ఒకే వస్తువు ఉంటే తేడాలు కళ్ళెదుట తేలతాయి. ‘నీకెందుకు అలా వచ్చింది, నాకెందుకు ఇలా వచ్చింది’ అన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది.

అష్టావధానం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. పృచ్ఛకులు ఎనిమిదిమంది, ఒక్కొక్కరికీ నిర్దిష్టమైన పని. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు, అక్షరాన్ని నిషేధించేవారు ఒకరు. మధ్యలో కావాలని దారి మళ్ళించే అప్రస్తుత ప్రసంగం. చివర అన్నిటినీ కూడగట్టి అప్పజెప్పే ధారణ. ఒక సభను పాత్రలుగా, వంతులుగా, ముగింపుగా మలచడంలో మనవాళ్ళకు ఉన్న నేర్పుకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కానీ అక్కడ తలలన్నీ ఒక్క మనిషి ప్రతిభ చుట్టూ తిరుగుతాయి. వర్క్‌షాప్‌లో ఆ ధారణ గది మొత్తం చేయాలి. తేడా అంతే, కానీ ఆ తేడా పెద్దది.

రుజువులు ఏమంటున్నాయి

పాల్గొనడం మంచిదన్న మాట అందరూ ఒప్పుకుంటారు. దానికి ఆధారం ఏమిటి? 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్స్, ఇంజినీరింగ్, గణితం తరగతులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో ఫెయిలయ్యే అవకాశం, చేసి నేర్చుకున్న తరగతుల కంటే ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. ఇవి కాలేజీ తరగతుల లెక్కలు, పరిశోధన సదస్సులవి కావు. అయినా దిశ స్పష్టంగానే ఉంది.

దానికంటే ఆలోచింపజేసేది 2019 నాటి హార్వర్డ్ అధ్యయనం. భౌతికశాస్త్ర విద్యార్థుల్ని రెండు రకాల తరగతుల్లో కూర్చోబెట్టారు. చేసి నేర్చుకున్నవాళ్ళు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని భావించారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్ళకు ఎక్కువ నేర్చుకున్నట్టు అనిపించింది. తడబడటం నేర్చుకోవడంలో భాగమే, కానీ లోపల ఉన్నవాళ్ళకు అది ఓటమిలా తోస్తుంది. అంటే సాయంత్రం పంచే ఫీడ్‌బ్యాక్ కాగితంలో ‘చాలా బాగుంది’ అన్న టిక్కులను చూసి వర్క్‌షాప్ పనిచేసిందని తేల్చకూడదు. కాకినాడ ప్రయోగం విలువ ఇక్కడ మళ్ళీ గుర్తొస్తుంది.

మరో హెచ్చరిక గుంపు ఆలోచన గురించి. 1953లో అలెక్స్ ఆస్బోర్న్ పుస్తకంతో బ్రెయిన్‌స్టార్మింగ్ ప్రపంచమంతా వ్యాపించింది. ఐదేళ్ళకే యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే, కలిసి కూర్చుని ఆలోచించినవాళ్ళ కంటే అంతేమంది విడివిడిగా ఆలోచించి పేర్చినప్పుడే ఆలోచనలు ఎక్కువ వచ్చాయి. 1987లో డీల్, స్ట్రోబె కారణం చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, ఆగేలోగా తమ ఆలోచన జారిపోతుంది. అందుకే డెల్‌బెక్, వాన్ డి వెన్ 1970ల మొదట్లో ప్రతిపాదించిన పద్ధతిలో ముందు అందరూ మౌనంగా రాసుకుంటారు, తర్వాత వంతులవారీగా చదువుతారు, ఆ తర్వాతే చర్చ, చివర ఓటు. పెద్దాచిన్నా తేడాలు బలంగా ఉండే మన గదుల్లో ఈ మౌనం మరీ అవసరం. ప్రొఫెసరుగారు మొదట మాట్లాడితే ఆ తర్వాత గదిలో ఉండేది ఒకే అభిప్రాయం. ముందు కాగితం మీద పెట్టిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. అదే దాని మేలు.

ప్రతిపాదన పత్రం: కమిటీ చూసేది

ఇక పత్రానికి వద్దాం. సదస్సుల కమిటీలు అడిగేవి కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. విషయం ఏమిటి, ఈ సదస్సులో ఈ ఏడే ఎందుకు, నిర్వాహకులెవరు, ఎంతమంది వస్తారు, గంటలవారీ కార్యక్రమం, ఆహ్వాన వక్తల్లో ఎవరు ఒప్పుకున్నారు, పత్రాల గడువులు, సమీక్ష పద్ధతి, గది ఏర్పాట్లు, వికలాంగులకూ దూరం నుంచి పాల్గొనేవారికీ సౌకర్యం, అయ్యాక మిగిలేదేమిటి. అన్నీ నింపినా తిరస్కారాలు వస్తాయి. నాకూ వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే కారణాలు కొన్నే.

మొదటిది, ప్రశ్నకు బదులు రంగం పేరు రాయడం. ‘తయారీ రంగంలో కృత్రిమ మేధ’ అన్నది ప్రశ్న కాదు, అల్మారా మీద అంటించే చీటీ. ప్రశ్న అంటే చివర ప్రశ్నార్థకం పెట్టగలగాలి, గదిలో ఇద్దరు దానికి రెండు రకాలుగా జవాబు చెప్పగలగాలి.

రెండోది, ‘చర్చ’ అని ఒక్క మాట రాసి ఊరుకోవడం. చర్చ దానంతటదే జరగదు. ఏ బల్ల దగ్గర ఎంతమంది, వాళ్ళ చేతిలో ఏమిటి, ఎన్ని నిమిషాలు, ఎవరు రాసుకుంటారు, తర్వాతి అంకంలోకి ఏది వెళ్తుంది? ఇవి రాస్తేనే కమిటీ నమ్ముతుంది. కుర్చీలు వరుసలుగా బిగించిన గది ఇస్తే బృంద చర్చ అక్కడే ఆగిపోతుంది. అందుకని బల్లలు జరిపే వీలున్న గది కావాలని ముందే అడగాలి. గది సంగతి చిన్నదని వదిలేసే నిర్వాహకుడు ప్రశ్న సంగతీ వదిలేస్తాడు.

మూడోది, వక్తల జాబితా పొడుగు. పేరున్నవాళ్ళు ఆరుగురుంటే ఒప్పుకుంటారన్న ఆశ. నిజానికి ఆ జాబితా చూడగానే సమయం ఎటు పోతుందో సమీక్షకుడికి అర్థమైపోతుంది. సగం కంటే ఎక్కువ సమయం పాల్గొనేవాళ్ళదే అని లెక్క చూపగలిగితే మంచిది.

నాలుగోది, మిగిలేది ఏమిటో చెప్పకపోవడం. పత్రాల సంపుటం మంచిదే, కానీ అది వర్క్‌షాప్ లేకపోయినా వచ్చేది. గదిలో కూర్చోకపోతే పుట్టనిది ఏమిటి? ఒక నిర్వచనాల పట్టిక, ఒక డేటా సమితి, తేలని విభేదాల జాబితా, ఏదో ఒకటి ఉండాలి. విభేదాల జాబితాను తక్కువ చేసి చూడకండి. ఎక్కడ ఒప్పుకోలేదో స్పష్టంగా రాసుకున్న రంగం త్వరగా ముందుకెళ్తుంది.

ఒక నమూనా

ఇక్కడి నుంచే ఒక ఉదాహరణ ఇస్తాను. భిలాయి రైలు పట్టాలకు పేరుపడ్డ ఊరు. ఇక్కడి యూనివర్సల్ రైల్ మిల్లు 130 మీటర్ల పొడవున ఒకే పట్టాను చుడుతుంది. రెండిటిని అతికి 260 మీటర్ల ప్యానెళ్ళుగా రైల్వేకు పంపుతారు. ఉక్కు ఉపరితలం మీది లోపాలను కెమెరాతో పట్టడం ఇవాళ కంప్యూటర్ దృష్టి పరిశోధకులకు ఇష్టమైన విషయం. అందరూ వాడే డేటా చైనాలోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయానిది. వేడిగా చుట్టిన ఉక్కు పట్టీల బొమ్మలు 1,800, లోపాలు ఆరు రకాలు, ఒక్కో రకానికి 300. 2019లో సెవర్‌స్తాల్ అనే రష్యన్ ఉక్కు సంస్థ కూడా కాగిల్ అనే ఆన్‌లైన్ పోటీల వేదిక మీద ఇలాంటి పోటీ పెట్టింది.

నేను ఆ చైనా బొమ్మల్ని మా వీధిలో ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. పట్టాల తనిఖీలో జీవితమంతా గడిపి రిటైరైన మనిషి, మా నాన్న వైపు ఊరివారు, బాబాయి అని పిలుస్తాను. కళ్ళజోడు సవరించుకుని ల్యాప్‌టాప్‌ను అటూ ఇటూ వంచి చూశారు. “ఇది ఏ వెలుతుర్లో తీసేరమ్మా?” అన్నారు. నాకు తెలియదు. “ఎదురు వెలుతురైతే గీతలా ఉంటాది, పక్క వెలుతుర్లో అదే పగులులా ఉంటాది. చెయ్యి పెట్టి చూడకుండా నేనెలా చెప్తాను?” అని వేలి కొనను బల్ల అంచు మీద నెమ్మదిగా జార్చి చూపించారు. నేను చదివిన వ్యాసాల్లో కచ్చితత్వం శాతాలున్నాయి. ఆ వేలి గురించి ఎక్కడా లేదు.

నా ప్రశ్న అక్కడ దొరికింది. ‘లోపం’ అని మేము బొమ్మ మీద గీసే గీత, తనిఖీ చేసే మనిషి ‘లోపం’ అనేదానితో ఎంతవరకు కలుస్తుంది? నాకు జవాబు తెలియదు. బాబాయికీ పూర్తిగా తెలియదు. ముక్కలు మా ఇద్దరి దగ్గరా ఉన్నాయి.

ఈ ప్రశ్నతో మూడున్నర గంటల వర్క్‌షాప్ ఇలా ఉండవచ్చు. ముప్పైమంది, ఐదు బల్లలు, ప్రతి బల్ల దగ్గరా కనీసం ఒక్కరైనా తనిఖీ పనిచేసినవాళ్ళు. పది నిమిషాలు పరిచయం. తర్వాత ఇరవై నిమిషాలు మౌనం. ప్రతి ఒక్కరూ నలభై బొమ్మలకు విడిగా పేర్లు పెడతారు. తర్వాత అరగంట బల్ల దగ్గర పోల్చుకోవడం. ఇద్దరి మధ్య పొత్తు ఎంతో కొలవడానికి కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా ఉంది, ఎక్కువమందికి ఫ్లీస్ 1971లో ఇచ్చిన కొలత ఉంది. అంకె కంటే ముఖ్యం, ఏ బొమ్మ దగ్గర విడిపోయామన్నది. ఆ తర్వాత నలభై నిమిషాలు నిజమైన ఉక్కు ముక్కలు, ఒక టార్చిలైటు. వెలుతురు కోణం మార్చి చూడటం, చెయ్యి పెట్టి చూడటం. ఇక్కడ మాట్లాడేది తనిఖీదారులు, అడిగేది పరిశోధకులు. ఇరవై నిమిషాలు టీ. తర్వాత నలభై ఐదు నిమిషాల్లో ప్రతి బల్లా లోపాల నిర్వచనాలను తిరగరాస్తుంది. అరగంట ఒక బల్ల రాసినదాన్ని పక్క బల్ల చేతిలో పెట్టి కొత్త బొమ్మల మీద పరీక్షిస్తారు. రాసినవాళ్ళు పక్కన లేకుండా ఆ నిర్వచనం నిలబడితేనే అది నిర్వచనం. చివరి పావుగంటలో తేలినవి, తేలనివి రెండు జాబితాలుగా చదువుతారు. మూడు నెలలకు అదే బొమ్మలు మళ్ళీ పంపి, పొత్తు పెరిగిందో లేదో చూస్తారు.

ఇందులో ఖరీదైన పరికరమేదీ లేదు. పొలంబడి చార్టు, మౌనంగా రాసుకునే పద్ధతి, ఐజేసీఎన్‌ఎల్‌పీలో చూసిన ఉమ్మడి వస్తువు, కాకినాడలో చూసిన వెనుచూపు, అన్నీ ముందునుంచీ ఉన్నవే. ఉక్కు మీద కాకుండా తెలుగు ఉచ్చారణ మీదో, ఆసుపత్రి ఎక్స్‌రేల మీదో పెట్టినా ఎముకల గూడు ఇదే.

గదిలో లేనివాళ్ళు

అన్ని పద్ధతులూ కుదిరినా ఒక లోటు మిగిలిపోతుంది. ప్రశ్నలో సగం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు సదస్సుకు రారు. రిజిస్ట్రేషన్ రుసుము పరిశోధకుడికి ప్రాజెక్టు నుంచి వస్తుంది, తనిఖీదారుకు ఎక్కడి నుంచి వస్తుంది? డ్యూటీ నుంచి సెలవెవరిస్తారు? గదిలో భాష ఇంగ్లీషైతే హిందీలోనో ఛత్తీస్‌గఢీలోనో తెలుగులోనో ఆలోచించే మనిషి నోరు విప్పుతాడా? రైతు గురించి రైతు లేకుండా, నర్సు గురించి నర్సు లేకుండా జరిగే సమావేశాలు ఎన్నో ఉన్నాయి. లెవిన్ గదిలో ఆనాడు లేచి మాట్లాడిన మనిషిని మనం ఇంకా తలుపు బయటే ఉంచుతున్నాం.

దీనికి పరిష్కారం ప్రతిపాదన పత్రంలోనే మొదలుకావాలి. బయటి నిపుణులకు రుసుము మినహాయింపు అడగాలి. ప్రయాణ ఖర్చును మొదటి పద్దుగా రాయాలి, చివర మిగిలితే ఇచ్చేదిగా కాదు. అనువాదకుణ్ణి గది ఏర్పాట్లలో ఒకటిగా చూపాలి. కుదిరితే ఒక పూట వర్క్‌షాప్‌ను హోటల్ హాల్లో కాకుండా పని జరిగే చోటికి దగ్గరగా పెట్టాలి. పాల్గొన్న కార్మికుల పేర్లు వాళ్ళ అంగీకారంతో ఆ నిర్వచనాల పట్టిక మీద రచయితలుగా ఉండాలి. ‘సహకరించినవారికి కృతజ్ఞతలు’ అన్న ఒక్క వాక్యం కింద వాళ్ళను సర్దేయకూడదు.

భాష, హోదా దాటి కలిసి నేర్చుకోవడం భిలాయికి కొత్త కాదు. 1955 ఫిబ్రవరిలో ఇక్కడి ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నాలుగేళ్ళలో రష్యన్ తప్ప మరో భాష రాని నిపుణులు, ఉక్కు ముఖమెరుగని పల్లె కుర్రాళ్ళు, మధ్యలో దుబాసీలు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడికి హిందీయే కొత్త, ఇక రష్యన్ మాట చెప్పేదేముంది? అయినా కొలిమి ముందు నిలబడి, వేలితో చూపి, సైగలు చేసి, అడిగి, పొరబడి, మళ్ళీ అడిగి నేర్చుకున్నారు. ఈ ఊరే అలా నిలబడింది. ఆ చరిత్ర ఉన్న ఊళ్ళో కూర్చుని, భాష అడ్డమొస్తుందనో హోదా కుదరదనో ఒక తనిఖీదారును పరిశోధన గదికి పిలవలేకపోతే అది మన చేతగానితనమే.

మొన్న కొత్త ప్రతిపాదన నింపడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో నిర్వాహకుల పేర్లు, వారి అర్హతలు అన్న గడి ఉంది. ఎప్పుడూ అక్కడ డాక్టరేట్లు, ప్రచురణల సంఖ్యలు రాస్తాం. ఈసారి ల్యాప్‌టాప్ పట్టుకుని బాబాయి ఇంటికెళ్ళాను. మీ పేరు నిర్వాహకుల్లో రాస్తాను, ఒప్పుకుంటారా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. “నాకు ఇంగ్లీషు రాదమ్మా, అక్కడికొచ్చి ఏటి చెప్పను?” అన్నారు. చెప్పక్కర్లేదు బాబాయ్, చూపిస్తే చాలు అన్నాను. ఆయన లోపలికెళ్ళి, పాత ట్రంకు పెట్టెలోంచి, ఎప్పటిదో అరచేతిలో పట్టేంత ఉక్కు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురుకు అడ్డంగా వంచమన్నారు. అంతవరకూ నున్నగా కనిపించిన చోట, వెంట్రుకంత సన్నగా, ఒక గీత కనబడింది. అర్హతల గడిలో ఆయన పేరు పక్కన ఏం రాయాలో నాకు అప్పుడు తెలిసింది.